మీకు తెలుసా? పైతాన్‌లో మీ కోడూ చేరవచ్చు

● పైతాన్‌ను సీ భాషలో రాశారు కాబట్టి, సీ రానివాళ్ళకు అందులో పనేమీ ఉండదని చాలామంది అనుకుంటారు. భాష గుండెకాయ సీలో ఉన్నమాట నిజమే. కానీ దానితో పాటు వచ్చే లైబ్రరీలో ఎక్కువ భాగం పైతాన్‌లోనే ఉంది. సోర్స్ కోడ్‌లో ‘లిబ్’ అనే ఫోల్డర్ తెరిచి క్యాలెండర్ మాడ్యూల్ చదివి చూడండి. కాలేజీలో నేర్చుకున్న పైతానే అక్కడా కనిపిస్తుంది. 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒంటరిగా మొదలుపెట్టిన భాష పైతాన్. దాని అభివృద్ధి 2017 ఫిబ్రవరి నుంచి గిట్‌హబ్ అనే సైటులో నడుస్తోంది. ఖాతా ఉన్న ఎవరైనా మార్పు పంపవచ్చు.

● మీరు రాసిన కోడ్ పైతాన్‌లో చేరినా దానిపై కాపీరైట్ మీదే. దాన్ని అందరికీ పంచే హక్కును పైతాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు ఇస్తున్నట్టు ఒక ఒప్పందం మీద సంతకం చేస్తే చాలు.

● పైతాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. వయసు, ధర, మొత్తం, ఏ పేరైనా సరే. 2008లో వచ్చిన 3.0 నుంచీ ఈ వీలుంది. ఇంతకంటే ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. ‘ఇంట్’ ఫంక్షన్‌కు తెలుగు అంకెల్లో ౧౨౩ అని ఇస్తే 123గా చదువుకుంటుంది. నేరుగా కోడ్‌లో సంఖ్యగా రాస్తే మాత్రం ఒప్పుకోదు, కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వాలి.

అదే చోట ఒక చిక్కూ ఉంది. ‘తెలుగు’ అనే మాట పొడవెంత అని అడిగితే పైతాన్ 6 అంటుంది. మన లెక్కలో మూడక్షరాలు. దాని లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్ళీ కొమ్ము. ఇంకా ముందుకెళ్ళి, ఈ మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని ‘ఈజ్ ఆల్ఫా’తో అడగండి. కాదంటుంది! యూనికోడ్ వర్గీకరణలో గుణింతపు గుర్తులు ‘లెటర్’ కిందికి రావు, ‘మార్క్’ కిందికి వస్తాయి. ఈజ్ ఆల్ఫా చూసేది లెటర్ వర్గాన్నే. వేరియబుల్ పేరుగా పనికొస్తుందా అని అడిగితే అదే మాటకు ఔననే అంటుంది, ఎందుకంటే ఆ నిబంధన వేరు. ఫారమ్‌లో పేరు సరిగా ఉందో లేదో చూడటానికి ఈజ్ ఆల్ఫా వాడితే ‘రమ’ దాటిపోతుంది, ‘సీత’ ఆగిపోతుంది. డాక్యుమెంటేషన్‌లో అక్షరం అంటే ఏమిటో నిర్వచనం ఉంది కానీ, దాన్ని చదివి ఇంత దూరం ఊహించాలంటే తెలుగు రాసే అలవాటు ఉండాలి. ఇలాంటి చోట మంచి ఉదాహరణ ఒకటి రాసి పంపడం కోడ్ రాయడంకంటే తక్కువ పనేమీ కాదని నా గట్టి నమ్మకం.

● బగ్ దిద్దితే పని అయిపోదు. దిద్దక ముందు ఫెయిలై, దిద్దాక పాసయ్యే టెస్టు కూడా రాసి పంపాలి. రేపు ఇంకెవరో అదే చోట కోడ్ మారిస్తే, మీరు అక్కడ లేకపోయినా మీ టెస్టు వాళ్ళను ఆపుతుంది.

● దాదాపు ప్రతి మార్పు గురించీ రాసే రెండు ముక్కల సమాచారానికి ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. ఒకప్పుడు అందరూ ఒకే ఫైల్లో రాసేవాళ్ళు. ఇద్దరి రాతలు ఒకే చోట పడి, మెర్జ్ చేసేటప్పుడు మాటిమాటికీ తగువొచ్చేది. 2017లో వచ్చిన ‘బ్లర్బ్’ అనే పనిముట్టు ఆ బాధ తప్పించింది. ఎవరి ఫైలు వాళ్ళు రాస్తారు, విడుదల నాడు అన్నిటినీ అది ఒకచోట కూరుస్తుంది.

● పుల్ రిక్వెస్టులను, అంటే చేర్చమని పంపిన మార్పులను, కనిపెట్టుకుని ఉండే బాట్‌ల పేర్లు బెడెవియర్, మిస్ ఇస్లింగ్టన్. రెండూ మాంటీ పైతాన్ బృందం తీసిన సినిమాలో పాత్రలు. భాష పేరు కూడా పాముది కాదు, ఆ హాస్య బృందానిదే. కొత్త వెర్షన్‌లో చేరిన దిద్దుబాటును పాత వెర్షన్‌లకు చేరవేయడం మిస్ ఇస్లింగ్టన్ పని.

● గీడో పంపిన ప్రతిపాదన కూడా తిరస్కరణకు గురైంది. పైతాన్‌కు ‘స్విచ్’ వాక్యం ఉండాలని 2006లో ఆయనే పెప్ 3103 అనే ప్రతిపాదన రాశారు (పైతాన్‌లో మార్పుల ప్రతిపాదనలను పెప్ అంటారు). 2007 పైకాన్ సమావేశంలో సభికులను చేతులెత్తమంటే మద్దతు కనిపించలేదు, దాన్ని పక్కన పెట్టేశారు. 2021లో 3.10తో ‘మ్యాచ్’ వాక్యం వచ్చింది. దాన్ని ప్రతిపాదించిన వాళ్ళలోనూ గీడో ఉన్నారు. తిరస్కరించిన ప్రతిపాదనలను తీసిపారేయరు, ఎందుకు వద్దనుకున్నారో కారణంతో సహా అలాగే ఉంచుతారు. నా మటుకు నాకు ఒప్పుకున్న వాటికంటే అవే ఎక్కువ నేర్పాయి.

● 2018 జూలైలో, పెప్ 572 అనే ప్రతిపాదన మీద నడిచిన తీవ్రమైన వాదోపవాదాల తరవాత, గీడో తుది నిర్ణయాధికారాన్ని వదులుకున్నారు. ఇప్పుడు ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఉంది. కోర్ డెవలపర్లు ఓటు వేసి ఎన్నుకుంటారు. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళు ఇద్దరికి మించి ఉండకూడదన్నది నియమం.

● ఒక మనిషి పంపిన కోడ్ ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే టిమ్ పీటర్స్ సార్టింగ్ పద్ధతిని చూడాలి. 2002లో పైతాన్ కోసం రాశారు. నిజజీవితపు జాబితాల్లో ఎంతో కొంత భాగం అప్పటికే వరుసలో ఉంటుందన్నది ఆయన గమనింపు. అలా వరుసలో ఉన్న ముక్కలను వెతికి పట్టుకుని, వాటిని కలుపుకుంటూ పోతుంది ఆ పద్ధతి. కోడ్ పక్కనే ‘లిస్ట్‌సార్ట్’ అనే ఫైల్లో, ఏది ఎందుకు ఎంచుకున్నదీ పొడవాటి వ్యాసంలా రాసిపెట్టారు. టిమ్‌సార్ట్ అన్న పేరుతో అది జావాకూ, ఆండ్రాయిడ్‌కూ వెళ్ళింది.

2015లో కొందరు పరిశోధకులు జావాలోని టిమ్‌సార్ట్ తప్పులేనిదని గణితపరంగా నిరూపించబోయారు. నిరూపణ కుదరలేదు, తప్పు దొరికింది! అసలు పైతాన్ కోడ్‌లోనూ ఉండి, పదమూడేళ్ళుగా ఎవరి కంటా పడని తప్పు. పైతాన్‌లో అది బయటపడాలంటే ఊహకందనంత పెద్ద జాబితా కావాలి. అయినా పైతాన్ వాళ్ళు వెంటనే దిద్దారు. ఆ పరిశోధకుల్లో కొందరు పనిచేసింది ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థలో. పైతాన్ పుట్టింది కూడా అక్కడే. తరవాత 3.11లో ముక్కలను కలిపే వరుసను ‘పవర్‌సార్ట్’ అనే కొత్త పద్ధతికి మార్చారు.

● సోర్స్ కోడ్‌లో ‘యాక్స్’ అనే ఫైలు ఉంది. సాయం చేసినవాళ్ళ పేర్లు అందులో చేరుస్తారు. ఇంటిపేరును బట్టి ఇంచుమించు అక్షరక్రమంలో ఉంటాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కాబట్టి మీ పేరు ఏ అక్షరం కింద ఉండాలో మీరే చూసి చేర్చుకోవడం మేలు.

● కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది. మే నెల ప్రాంతంలో మొదటి బీటా వచ్చాక ఆ వెర్షన్‌లోకి కొత్త సౌకర్యాలు తీసుకోరు, బగ్‌లు దిద్దడమే. అందుకే కొత్త ఊహ ఉన్నవాళ్ళు వేసవి దాకా ఆగకండి. దిద్దుబాట్లకూ డాక్యుమెంటేషన్‌కూ మాత్రం ఏ నెలైనా మంచిదే. రివ్యూ అనేది చాలామంది జీతం లేకుండా చేస్తున్న పని కాబట్టి జవాబుకు వారాలు పట్టవచ్చు. ఈలోగా ఇంకొకరి పుల్ రిక్వెస్టు తెరిచి, మీ కంప్యూటర్‌లో నడిపి, ఏం జరిగిందో అక్కడ రాయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.