జీడిపూత రోజుల్లో కప్పు మనదే

2025 మార్చి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో పూత మధ్య పిందెలు కనబడుతున్న రోజులు. రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి గుడికి వెళ్లే దారిలో ఒక టీకొట్టు దగ్గర ఐదుగురు కుర్రాళ్లు పాత క్యాలెండర్ కాగితం వెనక అంకెలు వేస్తున్నారు. ఐపీఎల్ లీగ్ దశలో ఉండే 14 మ్యాచ్‌ల్లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఎన్ని గెలుస్తుంది? 11, 10, 12, 11. ఐదోవాడు 9 అని రాశాడు. మిగతా నలుగురూ వాడి మీద పడ్డారు. "ఏటి బావా, నువ్వసలు మనోడివేనా?"

వాళ్ల నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. 2024లో ఇదే జట్టు ముంబయి మీద 277, బెంగళూరు మీద 287, ఢిల్లీ మీద 266 కొట్టి ఫైనల్ దాకా వెళ్లింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆ డిసెంబరులోనే మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ చేశాడు. వేలంలో ఇషాన్ కిషన్, షమీ వచ్చారు. "ఈసారి మూడొందలు కొట్టేస్తారు" అన్న మాట ప్రతి నోటా ఉంది. మార్చి 23న తొలి మ్యాచ్‌లో 286 కొట్టేసరికి ఆ మాటకు రుజువు దొరికినట్టే అయింది.

తర్వాత వరసగా నాలుగు ఓటములు. అందులో ఒకటి మార్చి 30న మన విశాఖలోనే. ఢిల్లీ బౌలర్ స్టార్క్ ఐదు వికెట్లు తీస్తే 163కే అందరూ అవుటయ్యారు. పలాసలో పొద్దున్నే రైలెక్కి ఆ మ్యాచ్‌కి వెళ్లినవాళ్లు రాత్రి తిరుగు ప్రయాణంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదని చెప్పారు. చివరికి గెలిచినవి 6. పట్టికలో ఆరో స్థానం.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. పది జట్లు, ఒక్కోదానికి 14 మ్యాచ్‌లు. మ్యాచ్‌కి రెండు జట్లు కాబట్టి లీగ్ దశలో మొత్తం 70 మ్యాచ్‌లు. అంటే పంచుకోవడానికి ఉన్నవి 70 గెలుపులే, జట్టుకి సగటున 7. ప్రతి ఊళ్లోనూ అభిమానులు తమ జట్టు 10 గెలుస్తుందని రాస్తే ఆ కాగితాలన్నీ కలిపి 100 గెలుపులు అడుగుతాయి. ఎవరి కాగితం తప్పో ముందే చెప్పలేం. కానీ అందరివీ నిజమయ్యే వీలు లేదని మాత్రం సీజన్ మొదలవక ముందే చెప్పొచ్చు.

మరి మనసు ఈ లెక్క ఎందుకు వేయదు? మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1970ల్లోనే దీనికొక దారి చూపించారు. ఏ అంచనానైనా రెండు రకాలుగా వేయొచ్చు. ఒకటి లోపలి చూపు: ఈ జట్టు, ఈ ఆటగాళ్లు, ఈ వేలం. రెండోది బయటి చూపు: ఇలాంటి జట్లకు ఇన్నేళ్లలో మామూలుగా ఏం జరిగింది? మన జీడిరైతుని చూడండి. చెట్టు నిండా పూత ఉన్నా బస్తాలు లెక్కపెట్టడు. జీడిగుత్తిలో ఎక్కువ భాగం మగపూలే, కాయగా నిలిచేవి కొన్నే. కిందటేడు ఎన్ని బస్తాలు, అంతకుముందు ఎన్ని అన్నది కూడా తలుచుకుని అంచనా కడతాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను చెట్లను వేళ్లతో పెకిలించి పడేయడం చూసినవాడికి, లెక్కలో లేనిది కూడా వస్తుందని ఎవరూ చెప్పక్కర్లేదు. అదే రైతు సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే 11 అంటాడు. జట్టు దగ్గరికి వచ్చేసరికి లోపలి చూపు ఒక్కటే మిగులుతుంది.

ఆ లోపలి చూపులోనూ ఒక కన్నే తెరిచి ఉంటుంది. వచ్చినవాళ్లను లెక్కపెట్టిన మనం పోయినవాళ్లను పెట్టలేదు. పదకొండేళ్లు మన తరఫున బంతి వేసిన భువనేశ్వర్ కుమార్ బెంగళూరుకి వెళ్లాడు, నటరాజన్ ఢిల్లీకి వెళ్లాడు. క్యాలెండర్ కాగితం మీద ఆ రెండు పేర్లూ లేవు.

అదృష్టం పాలు మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ. ప్రత్యర్థులందరితో సరిసమానమైన జట్టు ఒకటుందనుకోండి, ప్రతి మ్యాచూ బొమ్మా బొరుసే. అలాంటి జట్టు కూడా 14లో 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలిచే సీజన్లు వందకు తొమ్మిది ఉంటాయి. ఆ ఏడాది దాన్ని గొప్ప జట్టంటాం. మరుసటి ఏడు బలం అంతే ఉంటుంది, నాణెం మాత్రం మళ్లీ కొత్తగా ఎగురుతుంది. బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లంత పొడవు ఎదగకపోవడాన్ని ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో లెక్కగట్టి చూపించాడు. సగటు వైపు జారడం అంటే అదే. పైనున్నవాళ్లకు కిందికి జారడమైతే, అట్టడుగున ఉన్నవాళ్లకు అదే పైకి రావడం. 2008లో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, లక్ష్మణ్ ఉన్న అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ మీద మనకెంత ధీమా! 14లో రెండే గెలిచి అడుగున నిలిచింది. 2009లో ఎవరూ పెద్దగా ఆశపడని అదే జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు ఎత్తింది.

ఓటములు చూశాకైనా అంచనా దిగొస్తుందా? అమెరికాలో కేడ్ మాస్సీ, జోసెఫ్ సిమన్స్, డేవిడ్ ఆర్మర్ అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ అభిమానులతో సీజన్ పొడవునా వారం వారం జోస్యం చెప్పించారు. సరిగ్గా చెబితే డబ్బూ ఇచ్చారు. 2011లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం నాలుగు నెలలు ఫలితాలు చూసినా సొంత జట్టు మీద ఆశ తగ్గలేదు. అదే ఏడాది టాలీ షారట్ బృందం మెదడు స్కాన్లతో ఇంకో సంగతి కనిపెట్టింది. తమకు కష్టం వచ్చే అవకాశం అనుకున్నదానికంటే తక్కువని తెలిస్తే మనుషులు అంచనా వెంటనే మార్చుకున్నారు. ఎక్కువని తెలిస్తే అంతగా మార్చుకోలేదు. మంచి వార్తకు తలుపు బార్లా తెరిచి, చెడ్డ వార్తకు ఓరగా తీస్తుంది మెదడు.

దీన్ని లోపం అనడానికి నాకు మనసొప్పదు. 2003లో వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ బృందం కోతులకు పండ్లరసం ఆశచూపి డోపమిన్ కణాలను గమనించింది. రసం కచ్చితంగా వస్తుందన్నప్పుడు గానీ, రాదన్నప్పుడు గానీ కాదు, వస్తుందో రాదో సగం సగం అన్నప్పుడు ఆ ఎదురుచూపు పొడవునా కణాల చలనం పెరుగుతూ పోయింది. మార్చి నెల అభిమాని సరిగ్గా ఆ స్థితిలోనే ఉంటాడు. ఒక్క బంతీ పడలేదు, పది జట్లూ సున్నా దగ్గరే ఉన్నాయి. టీకొట్టు దగ్గర ఆ అరగంటలో వాళ్ల మొహాల్లో కనిపించిన వెలుగు నాకింకా గుర్తుంది.

జూన్‌లో మళ్లీ అటు వెళ్లాను. కప్పు బెంగళూరు ఎత్తింది, భువనేశ్వర్ ఆ జట్టులోనే ఉన్నాడు. "బౌలింగ్ నేదని నేనప్పుడే చెప్పాను కదేటి" అన్నాడు 12 రాసిన కుర్రాడు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా గుర్తుంది వాడికి. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లకముందు కొందరు విద్యార్థుల చేత అక్కడ ఏం జరుగుతుందో అంచనాలు రాయించుకున్నారు ఇజ్రాయెల్‌లోని పరిశోధకులు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్. పర్యటన ముగిశాక మీరేం రాశారో గుర్తు తెచ్చుకోమంటే, జరిగినవాటికి తాము ముందే ఎక్కువ అవకాశం ఇచ్చామని చాలామంది అనుకున్నారు. వాళ్ల దగ్గరా రుజువుగా మిగిలింది కాగితమే.

టీకొట్టాయన చక్కెర డబ్బా కింద నుంచి క్యాలెండర్ కాగితం తీసి ఇచ్చాడు. కుర్రాడు తన చేతిరాత చూసుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, వచ్చే మార్చికి ఇంకో గడి గీయాలని చెబుతూ అంచున చిన్నగా రాసుకున్నాడు: "ఎల్లిపోయినోళ్లు."