మాకియవెల్లి, రాయలు, తాళం పడిన ఇల్లు

రాజకీయాల్లో ఎవరైనా మాట తప్పితే చాలు, మాకియవెల్లి పేరు లాక్కొస్తారు. గమ్యం మంచిదైతే దారి ఏదైనా ఫర్వాలేదన్నది ఆయన వాక్యమని నమ్మకం. ‘ది ప్రిన్స్’లో ఆ వాక్యం లేదు. అవసరమైతే మాట తప్పమని రాశాడు, నిజమే, దాచాల్సిందేమీ లేదు. కానీ జనం ద్వేషం కొనితెచ్చుకోవద్దని, ముఖ్యంగా వాళ్ల ఆస్తి జోలికి పోవద్దని అదే పుస్తకంలో హెచ్చరించాడు. మనిషి తండ్రి చావునైనా మరుస్తాడు గానీ పోయిన ఆస్తిని మరవడట. 14 ఏళ్లు ఫ్లారెన్స్ కొలువులో ఉండి, 1512లో అది పోగొట్టుకుని, మరుసటి ఏడు జైలు చూసొచ్చినవాడి లెక్క ఇది.

రెండో అపోహ మన ఇంటిది: ఆ కాలపు రాజనీతి యూరప్ సరుకనీ, ‘ఆముక్తమాల్యద’ వట్టి గోదాదేవి పెళ్లికథనీ. 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు, రాజ్యం వదిలిపోతూ యామునాచార్యుడు కొడుక్కి చెప్పే మాటలుగా, పాలన సంగతులన్నీ అందులో పెట్టాడు. చెరువులు, కాలువలు తవ్వించి పేద రైతుకు పన్ను తగ్గిస్తేనే ధర్మమూ ధనమూ పెరుగుతాయంటాడు. కష్టానికి తాళలేక ఊరొదిలిన జనాన్ని వెనక్కి పిలవకుండా, వాళ్ల పశువులనూ గింజలనూ అమ్ముకుని, ఇళ్ల కొయ్యను వంటచెరకు చేసుకునే అధికారిని యుద్ధభూమిలో తిరిగే నక్కతో పోలుస్తాడు. మా అనంతపురం జిల్లా పామిడిలో ఈ పోలికకు వ్యాఖ్యానం అక్కర్లేదు. వంతెన కింద పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. చెనిక్కాయ ఎండిన ఏడు ఇంటికి తాళం పడుతుంది, మనుషులు బెంగళూరు బస్సెక్కుతారు.

రాజుల నీతి ఓట్ల కాలానికెందుకని అడగొచ్చు. సగం న్యాయమే. కోటలు బ్రాహ్మణుల చేతిలో పెట్టమన్న రాయల సలహా నేటి రాజ్యాంగం ముందు నిలవదు. మాకియవెల్లిని చదివి రాశాడనడానికీ వీల్లేదు. ‘ది ప్రిన్స్’ అచ్చయింది 1532లో, అప్పటికి రాయలు లేడు. ఒకరినొకరు ఎరగని ఇద్దరూ పాలకుడి బలాన్ని జనం బతుకుతెరువులోనే చూశారు, అదే నాకు పెద్ద సాక్ష్యం. ఇది దయ కాదు, తెలివైన స్వార్థమేగా అంటారా? అవును, అందుకే పనికొస్తుంది. పాలకుడు మంచివాడని నమ్మాల్సిన పని లేదు. రాజు ఇష్టానికి రాయలు వదిలేసినదాన్ని చట్టం హక్కు చేసింది: 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది ఈ అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అప్పుడు ఇచ్చిన హామీ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, అందులో చెరువుల పూడికతీత, సేద్యపు కుంటలు. నక్క ఎవరో తేల్చే పనీ రాజు చేయి దాటింది. సామాజిక తనిఖీలో మస్టరు పేర్లు చదువుతుంటే, చేయని పనికి తన పేరు విన్న కూలీ లేచి నిలబడి చెప్పొచ్చు.