పందికొక్కు – బాండికూట్

ఆంగ్లమునందలి ‘బాండికూట్’ అను జంతువాచకమునకు మాతృక తెలుగు ‘పందికొక్కు’ అని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ కోశమున యూల్, బర్నెల్ పండితులు నిర్ణయించిరి. తరువాతి నిఘంటుకర్తలును దానినే స్వీకరించిరి. పొరుగుభాషలను చూచినచో ఈ నిర్ణయము బలపడును. ఈ జంతువును తమిళులు పెరుచ్చాళి యందురు, కన్నడిగులు హెగ్గణమందురు, మరాఠీలు ఘూస్ అందురు. వీనిలో దేనినుండియు ‘బాండికూట్’ రాజాలదు. 1611 నుండి మచిలీపట్టణమున వర్తకము సాగించిన ఆంగ్లేయులకు ఈ మాట చెవినబడుటలో వింతలేదు.

‘కొక్కు’ అనగా పెద్ద ఎలుక. వినాయకుని ‘కొక్కురౌతు’ అనుట అందువలననే. దానికి ‘పంది’ని చేర్చుటకు జంతువు పరిమాణమే కారణమని సాధారణముగా వ్రాయుదురు. కాని నేల పెళ్లగించుట, పైబడినపుడు గుర్రుమనుట ఎరిగిన పల్లెవారికి రూపముకంటె నడవడియే పందిని తలపించియుండును. ఇక ధ్వని విషయము: ఆంగ్లమున పదాది పకారము ఊపిరితో పలుకును, మన అల్పప్రాణము వారి చెవికి బకారముగా తోచును. ‘కొక్కు’ ‘కూట్’ అగుటలో ఆ పేరుగల నీటిపక్షి ప్రమేయము ఉండవచ్చును. మరాఠీ ‘మంగూస్’ ఆంగ్లమున బాతుపేరును తోకగా తగిలించుకొన్నది కదా!

పదునెనిమిదవ శతాబ్ది చివర ఈ మాట ఆస్ట్రేలియాకు చేరినది. అచ్చటి వలసవారు పొడవు ముట్టెగల ఒక చిన్న జంతువునకు దీనిని అంటగట్టిరి. అది ఎలుక కాదు. పిల్లలను సంచిలో పెంచునది, పురుగులను దుంపలను తినునది. జంతుశాస్త్రజ్ఞుడు గ్రే 1873లో ‘బాండికోటా’ అను ప్రజాతినామమును మన ఎలుకలకే ఉంచెను. లోకవ్యవహారము మాత్రము వేరుదారి పట్టినది.

నుడికారములు గమనింపదగినవి. ఆస్ట్రేలియాలో దిక్కులేని దుఃఖికి, బట్టతలవానికి బాండికూట్ ఉపమానము. అంతేకాదు, ఆకుమొక్క కదలకుండ క్రిందినుండి బంగాళదుంపలు తవ్వి దొంగిలించుటకు ఈ పదమునే క్రియగా వాడుదురు. మన ‘గాదె క్రింది పందికొక్కు’ కూడ పైకి తెలియకుండ పరుల సొత్తు తినువాడే. అర్థము పదముతో ప్రయాణించినదని తలచుట పొరపాటు. రెండు జంతువులును త్రవ్వునవే యగుటచే పోలిక ఇరుచోట్ల విడివిడిగా పుట్టినది.

చిక్కు అనువాదకునిది. ఆస్ట్రేలియా బాండికూట్లలో ‘పందికాలి’ జాతి ఇరువదవ శతాబ్దిలో నశించినది. విక్టోరియా రాష్ట్రమున తూర్పుచారల జాతిని ‘వన్యస్థితిలో అంతరించినది’ అను వర్గము నుండి 2021లో తప్పించి, ‘ప్రమాదస్థితి’లో చేర్చిరి. ఈ వార్తను ‘పందికొక్కుల సంరక్షణ’ అని తెనిగించినచో, గట్లకు బొరియలు పొడిచి వరివెన్నులు దాచుకొను జంతువునే ఎరిగిన రైతు నవ్వును. ఆ నవ్వు న్యాయమే. నిఘంటువులు రెండు ఆరోపములను వేరుచేసి, ఎలుకకు ‘పందికొక్కు’ను, సంచిజంతువునకు ‘బాండికూట్’ను ఉంచుట యుక్తము. ఇంటిమాట పరదేశివేషమున తిరిగివచ్చినను దానిని ఆ వేషముననే వ్రాయవలసియున్నది.