కంచు పలకల మీద ఎవరి ముఖాలు?

పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో ఢిల్లీ విలేఖరికి తీరిక చిక్కుతుందని మా సంపాదకవర్గం అభిప్రాయం. బల్ల మీద పేరుకుపోయిన పాఠకుల ఉత్తరాలు కళ్ళబడేది ఆ వారాలలోనే. వాటిలో అధికభాగం బదిలీలకు, పింఛన్లకు, ఫలానా రైలు ఫలానా స్టేషనులో ఆగాలన్న విజ్ఞప్తులకు సంబంధించినవి. ఢిల్లీలో ఉన్న తెలుగు విలేఖరికి మంత్రులందరూ మేనమామలేనని మనవారి నమ్మకం. ఈసారి వచ్చిన వాటిలో ఒక్క ఉత్తరం మాత్రం వేరుగా ఉన్నది. దాని మీద భోపాల్‌పట్నం తపాలా ముద్ర ఉన్నది.

రాసినవారు ఒక ఉపాధ్యాయుడు. పాఠశాల ముఖద్వారానికి ఇరువైపులా ఉన్న గోడ మీద శాస్త్రజ్ఞుల ముఖాలను లోహంలో పోతపోయించి అమర్చాలని ఆయనకూ ఆ ఊరి పెద్దలు కొందరికీ సంకల్పం కలిగింది. “అయ్యా, ఇటువంటి పని లోకంలో ఎవరైనా చేసినారా? చేసి ఉంటే ఎక్కడ, ఎవరెవరి బొమ్మలు పెట్టినారు? మా గోడకు నలుగురికి మించి చోటు లేదు. ఎవరిని పెట్టమంటారు?” అని అడిగినారు. తెలుగు అక్షరాలు తండ్రి దగ్గర నేర్చుకున్నాననీ, తప్పులుంటే మన్నించాలనీ చివర రాసినారు. తప్పులు లేవు.

భోపాల్‌పట్నం ఎక్కడున్నదో తెలియని పాఠకులకు రెండు మాటలు. ఇంద్రావతీ నది గోదావరిలో కలిసే చోటుకు చేరువలో ఉన్న ఊరది. ఒకప్పుడు బస్తరు సంస్థానంలో ఒక జమీందారీ. సంస్థానం విలీనమైన తరువాత మధ్యప్రదేశ్‌లోనూ, 2000 నుండి ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంటున్నది. 2007లో దంతెవాడ జిల్లాను విభజించినప్పుడు కొత్త బీజాపూర్ జిల్లాకు చేరింది. ఇన్ని చేతులు మారినా సంతలో వినిపించే మాటలలో తెలుగు ఉన్నది. చుట్టుపట్ల పల్లెలలో గోండి, దోర్లీ మాట్లాడతారు. బడిలో చదువు మాత్రం హిందీ.

ఆ ప్రాంతంలో బడిగోడ అంటే మనం అనుకునేంత మామూలు వస్తువు కాదు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఆ జిల్లాలో ఎన్నో పల్లెల బడులు మూతబడినాయి. కొన్ని భవనాలను మావోయిస్టులు పేల్చివేసినారు. కొన్నింటిలో భద్రతా దళాలు మకాం పెట్టినాయి. బడులను దళాలు ఖాళీ చేయాలన్న వాదన సర్వోన్నత న్యాయస్థానం దాకా వచ్చింది. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి మావోయిస్టుల పైకి పంపడం రాజ్యాంగవిరుద్ధమని 2011 జులై 5న ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అటువంటి చోట ఒక ఉపాధ్యాయుడు తన బడిగోడ మీద ఎవరి ముఖం ఉండాలని ఆలోచిస్తున్నాడంటే, ఆ ప్రశ్నకు తీరిక చూసుకుని జవాబు రాయవలసిందే.

ఇటువంటి పని చేసినవారు ఉన్నారు. ఒక ప్రధానమంత్రి పర్యటన వెంట వెళ్ళిన పత్రికాబృందంలో నేనూ ఉండి, వాషింగ్టన్‌లో ఒక సాయంకాలం ఖాళీ దొరికితే, లింకన్ స్మారకం వైపు నడుస్తూ దారిలో ఒక తెల్ల చలువరాతి భవనం ముందు ఆగినాను. అది అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ. 1863 మార్చి 3న, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ సంతకంతో పుట్టిన సంస్థ. పుట్టిన తరువాత అరవై ఏళ్ళ పాటు దానికి సొంత ఇల్లు లేదు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జి ఎల్లరీ హేల్ పట్టుబట్టి ఆ ఇల్లు కట్టించినాడు. డబ్బు కార్నెగీ కార్పొరేషన్ ఇచ్చింది. శిల్పి బెర్‌ట్రామ్ గుడ్‌హ్యూ 1924 ఏప్రిల్ 23న మరణించినాడు. అయిదు రోజుల తరువాత, 28న, అధ్యక్షుడు కూలిడ్జ్ ఆ భవనానికి ప్రారంభోత్సవం చేసినాడు. గృహప్రవేశం చూడకుండానే మేస్త్రీ పోయినాడన్నమాట.

ఆ భవనం ముఖభాగాన, కింది వరుస కిటికీలకూ పై వరుస కిటికీలకూ నడుమ, పచ్చబారిన కంచు పలకలు ఉన్నవి. వాటి మీద లీ లారీ అనే శిల్పి పురాతన గ్రీకు తాత్త్వికుల నుండి మొదలుపెట్టి గెలీలియో, న్యూటన్, డార్విన్‌ల వంటి వారి వరకు ఉబ్బెత్తు బొమ్మలుగా పోతపోసినాడు. న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సెంటర్ ముందు ఖగోళాన్ని మోస్తున్న అట్లాస్ విగ్రహం కూడా ఆ చేతిదే. ఈ పలకలలో ఎవరూ గుర్రం ఎక్కలేదు, ఎవరూ కత్తి దూయలేదు. మన గుడి గోడల మీద ఏనుగుల వరుసలు, హంసల వరుసలు చూసిన కన్నుకు ఆ పద్ధతి కొత్తగా తోచదు. ఒకరి వెనుక ఒకరుగా, శతాబ్దాల తరబడి సాగుతున్న ఊరేగింపు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క విగ్రహమై వేరువేరుగా నిలబడి ఉంటే ఆ భావం కలిగేది కాదు. ముందువాడు వదిలిన చోట వెనుకవాడు అందుకున్నాడన్న సంగతి ఆ వరుసలోనే ఉన్నది.

ఆవరణలో ఒక మూల చెట్ల నీడన అయిన్‌స్టయిన్ కూర్చుని ఉంటాడు. అదీ కంచే. ఆయన శతజయంతి సంవత్సరమైన 1979లో పెట్టినారు. పిల్లలు ఆయన ఒడిలోకి ఎక్కి ఫొటోలు తీయించుకుంటారు, కాపలావాడు ఏమీ అనడు. ఢిల్లీలో మహాపురుషుల విగ్రహాల చుట్టూ ఇనుప చువ్వల కంచె చూడడానికి అలవాటుపడిన నాకు ముందుగా ఆశ్చర్యం కలిగించింది అదే.

రెండవ ఆశ్చర్యం అంత ఇంపైనది కాదు. గోడ మీది ఆ ఊరేగింపులో ఆర్యభటుడు లేడు, భాస్కరుడు లేడు. లెక్కల పుస్తకాలు లేని ఊహాలోకం నుండి సున్నా ఊడిపడినట్లు! ఇందుకు లారీని నిందించి ప్రయోజనం లేదు. 1924 నాటి అమెరికా విద్వాంసులకు విజ్ఞానం అంటే గ్రీసులో పుట్టి, ఐరోపాలో పెరిగి, తమ తీరం చేరిన వస్తువు. కట్టేవాడికి తెలిసిన చరిత్రే గోడ మీదకు వస్తుంది.

ఆ భవనం తలుపులు తెరుచుకున్న రోజున, అక్కడికి కొన్ని వందల మైళ్ళ దూరంలోని బోస్టన్ నగరంలో మన భీమవరం బిడ్డ ఒకడు ఉన్నాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1923లో ఆ నగరం చేరి, చదువుకు డబ్బు చాలక ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా చేరి పొట్ట పోసుకున్నవాడు. తరువాత సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టినాడు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఎ.టి.పి.ని గుర్తించిన పరిశోధనలో భాగస్వామి అయినాడు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారి, ఫోలిక్ ఆమ్లం తయారీకి, బోదకాలు జబ్బుకు వాడే హెట్రజాన్ మందుకు సారథ్యం వహించినాడు. రక్తపు కాన్సరుతో బాధపడే పసిపిల్లలకు సిడ్నీ ఫార్బర్ ఇచ్చిన తొలి ఔషధం కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే. ఆయన అమెరికా చేరిన 1923లోనే, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని ఆ దేశపు సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. ఆ అడ్డు 1946 చట్టంతో గాని తొలగలేదు. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించినాడు.

వాషింగ్టన్ గోడ మీద ఆయన లేడని మనం నొచ్చుకునే ముందు మన గోడలు చూసుకోవాలి. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హైదరాబాదు ట్యాంకుబండు మీద 33 కంచు విగ్రహాలు నిలిపింది. కవులున్నారు, వాగ్గేయకారులున్నారు, రాజులున్నారు, సంస్కర్తలున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఉన్నాడు. ఆయన ఇంజనీరు. శాస్త్రపరిశోధకుడు ఒక్కడూ లేడు. బోదకాలు పీడించిన గోదావరి జిల్లాలకు మందు అందించిన సొంత మనిషి తొమ్మిదేళ్ళ తరువాత, శతజయంతి సందర్భంగా, ఒక తపాలా బిళ్ళ మీదకు ఎక్కినాడు. బిళ్ళ నాలుక మీద తడిపి అంటించేది, విగ్రహం తలెత్తి చూసేది.

రాజధాని సంగతీ అంతంతే. రిజర్వుబ్యాంకు వాకిట రామ్‌కింకర్ బైజ్ చెక్కిన యక్షుడూ యక్షిణీ ఉన్నారు. ధనాన్ని కాచేవారికి ద్వారపాలకులు దొరికినారు. పత్రికా కార్యాలయాలు బారులు తీరిన బహదూర్‌షా జఫర్ మార్గ్‌లోనే భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ఉన్నది. 1935లో కలకత్తాలో మొదలై ఢిల్లీ చేరిన సంస్థ. అక్కడికి నాలుగడుగుల దూరంలో పనిచేసే మా విలేఖరులలో ఎందరు దాని గడప తొక్కినారో లెక్కిస్తే చేతివేళ్ళు మిగులుతాయి. ఈ నింద నాకూ వర్తిస్తుంది.

ఇక ఆ నలుగురు ఎవరు? పటం ముందు వేసుకుని కూర్చుంటే జవాబు రోడ్డు మీదనే దొరికింది. హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి భోపాల్‌పట్నం చేరుతుంది. ఆ దారికి ఈ కొసన, సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు కోసి సూక్ష్మదర్శిని కింద మలేరియా క్రిమిని చూసినాడు. 1902లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. ఆ కొసన, నూట ఇరవై ఏళ్ళు దాటినా, బస్తరు అడవిపల్లెలలో అదే జ్వరం. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం “మలేరియా ముక్త్ బస్తర్” పేరిట ఇంటింటికీ తిరిగి, జ్వరం లేనివారికి కూడా నెత్తురు పరీక్షలు మొదలుపెట్టవలసి వచ్చింది. దోమ రహస్యం బయటపడిన ఊరికీ, ఆ రహస్యం తెలిసినందువల్ల కలగవలసిన మేలు ఆలస్యంగా చేరుతున్న ఊరికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు.

కనుక రాస్ ఉండాలి. అయితే ఒంటరిగా కాదు. రాస్ దోమలకు తన చేయి అందించినవాడు హుసేన్‌ఖాన్ అనే రోగి. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. ఆ అణాల సంగతి రాస్ కథతో పాటు చెప్పుకుంటారు గాని, ఆ మనిషి ముఖం ఏ గోడ మీదా చూడలేదు. రెండవ పలక ఆయనది. మూడవది సుబ్బారావుది. నాలుగవది చైనా పరిశోధకురాలు తు యూయూది. ఒక పాత వైద్యగ్రంథం ఇచ్చిన సూచన పట్టుకుని ఒక మొక్క నుండి ఆర్టెమిసినిన్ తీసి, 2015లో నోబెల్ పొందినామె. బస్తరులో ఆరోగ్య కార్యకర్త చేతి సంచిలోని మలేరియా మాత్రలలో ఆమె శ్రమ ఉన్నది.

పోతపోసేవారి కోసం ఢిల్లీ రానక్కరలేదని కూడా రాసినాను. కొండగాం ఘడ్వాలు తరతరాలుగా చేస్తున్నది ఆ పనే. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి రూపం దిద్దుతారు. పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది గనుక ఒకదాని వంటిది ఇంకొకటి ఉండదు. ఇక్కడి జాతీయ మ్యూజియంలో జానెడైనా లేని మొహెంజొదారో నర్తకి కూడా మైనపు పోత బొమ్మే. కొండగాం జయదేవ్ బఘేల్ పనితనం విదేశాల వారు మెచ్చినదే. వారిలో వాడేది కంచు కంటే ఇత్తడే ఎక్కువని శాస్త్రం తెలిసినవారు ఆక్షేపించవచ్చు. గోడకు ఆ పట్టింపు లేదు.

పది రోజులలో మారుజవాబు వచ్చింది. నలుగురూ ఆయనకు సమ్మతమే. ఒక ఘడ్వా కుటుంబంతో మాట్లాడినారట. మూడు ముఖాలకు ఫొటోలున్నవి, హుసేన్‌ఖాన్‌కు లేదు గనుక ఎలా చేయాలని ఆ పనివారు అడిగినారట. ఊరిలో జ్వరం వచ్చి లేచిన ఒక ముసలాయనను కూర్చోబెట్టి చేయమన్నారట మన మాస్టారు. పలకల కింద పేర్లు హిందీలో రాయించాలా, తెలుగులోనా, గోండిలోనా అన్నది మాత్రం ఇంకా తేలలేదట. ఆ విషయమై ఊరిలో మూడు పక్షాలు ఏర్పడినవనీ, వచ్చే ఆదివారం సమావేశమవుతున్నారనీ రాసినారు.