కరెంటు తీగ మీద ఇంటర్నెట్: ఎక్కడ ఆగిపోతోంది?

ముందు గదిలో ఇంటర్నెట్ రూటర్ ఉంటుంది. అక్కడ అంతా బాగానే ఉంటుంది. మేడ మీదికి వెళ్లేసరికి సెల్‌ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. హోసూరు, కృష్ణగిరి వైపు రాతి గోడల ఇళ్లలో ఉండేవారికీ, బళ్లారి వైపు మందపాటి గోడల పాత మిద్దెల్లో ఉండేవారికీ ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. అలాంటి ఇళ్లకు ఒక ఉపాయం ఉంది. గోడలో ఇప్పటికే ఉన్న కరెంటు తీగ మీదనే ఇంటర్నెట్‌ను కూడా పంపడం. దీనికి వాడే జత పెట్టెలను పవర్‌లైన్ అడాప్టర్లు అంటారు. ఒకటి రూటర్ పక్కన సాకెట్‌లో పెట్టి, చిన్న తీగతో రూటర్‌కు కలుపుతారు. రెండవది కావలసిన గదిలో పెడతారు. ఇవి కొనమనీ వద్దనీ నేను చెప్పడం లేదు. కొన్నాక సరిగా పనిచేయకపోతే ఏం చేయాలో, అది మాత్రమే ఈ వేళ చెప్పుకుందాం.

కిందటేడు హోసూరులో మా అక్కయ్య ఇంటికి వెళ్లాను. మేనకోడలు ముఖం వేలాడేసుకుని ఉంది. "మామయ్యా, పొద్దున ఏడున్నర మొదలు తొమ్మిది దాకా నా నెట్ నిలబడదు. మొన్న ఇంటర్వ్యూలో సగం మాట వాళ్లకు వినపడలేదు, ఆ ఉద్యోగం పోయింది" అంది. మరో ఇంటర్వ్యూ సోమవారం ఎనిమిది గంటలకు ఉంది. అవతల ఉన్నది అమెరికా వాళ్లు కాబట్టి వేళ మార్చమంటే కుదరదు. పెట్టెలు పాడయ్యాయని బావగారు అప్పటికే రెండవ జత కొన్నారు. అదీ అంతే. ఇక దుకాణం వాడి మీద కేకలు వేయడం ఒక్కటే మిగిలింది.

రెండు జతలూ ఒకే వేళకు మొరాయిస్తున్నాయంటే తప్పు పెట్టెలది కాదు. ఆ వేళకు తీగ మీద ఇంకేదో వచ్చి కూర్చుంటోందన్నమాట. ఎందుకో చెబుతాను. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఈ పెట్టెలు ఆ తీగ మీదనే సెకనుకు 20 లక్షల నుంచి 3 కోట్ల సార్లు ఊగే సన్నని సంకేతాన్ని ఎక్కిస్తాయి. కొత్త రకాలు 8 కోట్లు కూడా దాటుతాయి. చెరువులో పెద్ద అల మీద సన్నని తరగలు ఆడినట్టు. ఆలోచన మాత్రం పాతదే. ఒక సబ్‌స్టేషన్ నుంచి ఇంకో సబ్‌స్టేషన్‌కు మాట్లాడుకోవడానికి విద్యుత్ శాఖల వారు హైటెన్షన్ తీగలనే ఎన్నో ఏళ్లుగా వాడారు. పెద్ద సబ్‌స్టేషన్లలో తీగ చివర డోలులాంటి చుట్ట ఒకటి వేలాడుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. మాట దారి తప్పి యంత్రాలలోకి పోకుండా ఆపేది అదే. మన ఇంటి తీగకు అలాంటి కాపలా ఏదీ లేదు. ఛార్జరు, ఎల్.ఇ.డి. బల్బు, ఫాను రెగ్యులేటరు, మిక్సీ, ఎవరి గోల వాళ్లు అందులోనే పోస్తారు.

అందుకని మొదట చేయవలసింది పెట్టెలకు పరీక్ష. రెండింటినీ ఒకే గదికి తెచ్చి, పక్క పక్క గోడ సాకెట్లలో పెట్టండి. అప్పుడు బాగా పనిచేస్తే పెట్టెలు మంచివే, చిక్కు తీగలో ఉంది. అప్పటికీ ఒకదానినొకటి గుర్తుపట్టకపోతే, ఒకదాని మీద జత కలిపే మీట నొక్కి, రెండు నిమిషాలలోపల రెండవదాని మీద నొక్కండి. అలాగైనా కలవకపోతే అవి వేర్వేరు జాతులేమో చూడండి. హోమ్‌ప్లగ్ రకానికీ జి.హెచ్.ఎన్. రకానికీ మాటలు కలవవు.

ఇంకొక సంగతి. పెట్టె మీద 600 మెగాబిట్లు అని ఉండి ఇంట్లో 80 వస్తే మోసపోయామని అనుకోకండి. ఆ అంకె ప్రయోగశాలలోది. పైగా ఆ తరగతి పెట్టెలు చాలావాటికి ఇంటర్నెట్ తీగ దూర్చే చోటే 100కు మించదు.

తరువాత, ఎక్స్‌టెన్షన్ బాక్సు. ముఖ్యంగా స్పైక్ గార్డ్ ఉన్నది. కరెంటులో వచ్చే వేగమైన కుదుపులను మింగేయడమే దాని పని. పాపం, మన సంకేతం కూడా దానికి కుదుపులాగే కనిపిస్తుంది. అడాప్టరును ఎప్పుడూ నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. నాకు తెలిసిన సగం ఇళ్లలో చిక్కు ఇక్కడే తీరిపోయింది.

అక్కయ్య ఇంట్లో తీరలేదు. అప్పుడు రేడియో తీశాను. అవునండీ, బ్యాటరీతో నడిచే మామూలు ట్రాన్సిస్టరే. రెండు అడాప్టర్లూ పీకేసి, మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, ప్రతి స్విచ్‌బోర్డు దగ్గరికీ రేడియోను తీసుకువెళ్లండి. గోల పెట్టే సామాను దగ్గర అది జుయ్యిమని అరుస్తుంది. మా రేడియో పూజ గదిలో కొంచెం గొణిగింది, వంటింట్లో ఊరుకుంది, హాలులో రూటర్ ఉన్న బోర్డు దగ్గరికి వచ్చేసరికి చెవులు గింగురుమనిపించింది. అక్కడ బావగారి ఫోను ఛార్జింగులో ఉంది. సంతలో కొన్న ఛార్జరు. ఆయన స్నానానికి వెళ్లేముందు ఏడున్నరకు పెడతారు, తొమ్మిదికి తీసుకుని పనికి వెళతారు. ఛార్జరు పీకగానే రేడియో నోరు మూసింది. బావగారు కూడా.

రేడియో మాట వచ్చింది గనుక షార్ట్ వేవ్ వినేవారికి ఒక మాట. ఈ అడాప్టర్లు వాడే ఊపు సరిగ్గా షార్ట్ వేవ్ దారిలోనే పోతుంది. మీరు స్టేషన్ల కోసం వెతికే వేళ వాటిని పీకి పెట్టండి. మీడియం వేవ్ దానికి దిగువన ఉంది కనుక అంత బాధ లేదు.

ఇక ఫేజుల సంగతి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లలో కింది వాటా ఒక ఫేజు మీద, మేడ మరో ఫేజు మీద ఉండవచ్చు. రెండింటికీ మధ్య నేరుగా దారి లేదు. తీగలు పక్క పక్కన నడిచిన చోట సంకేతం కొంచెం కొంచెం దూకుతుంది, అంతే. ఒక ఫేజు పోతే రెండవదానికి మార్చుకునే స్విచ్ మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉంటుంది. అది తిప్పిన రోజునే నెట్ ఆగిందా, లేక కుదురుకుందా అన్నది గమనించండి. ఏ సాకెట్ ఏ ఫేజు మీద ఉందో వైర్‌మన్ చెబుతాడు. రెండు అడాప్టర్లూ ఒకే ఫేజు మీదకు వస్తే చాలు.

ఇన్వర్టర్ కూడా అలాంటిదే. ఒక అడాప్టరు ఇన్వర్టర్ లైను మీద, రెండవది ఫ్రిజ్జు, గీజరు ఉండే మామూలు లైను మీద ఉంటే సంకేతం ఇన్వర్టర్ పొట్టలోంచి పోవాలి. కరెంటు పోతే ఒకటి ఆరిపోతుంది కూడా. రూటరునూ రెండు అడాప్టర్లనూ ఇన్వర్టర్ లైను మీదనే పెట్టండి. చవక ఇన్వర్టర్ అయితే బ్యాటరీ మీద నడిచేటప్పుడు వేగం తగ్గుతుంది, అది మామూలే.

ఆనుకుని ఉన్న ఇళ్లలో ఒక ఇంటి సంకేతం మీటరు దాటి పక్కింటికీ పోవచ్చు. కొన్న రోజునే జత కలిపే మీట నొక్కితే మీ పెట్టెలకు మీదైన తాళం పడుతుంది.

అడాప్టరు వెచ్చగా ఉండడం సహజం. చేయి పెట్టలేనంత వేడి, కాలిన వాసన, నల్లబడిన సాకెట్ సహజం కావు. సాకెట్ వదులైతే నెట్ తెగడమే కాదు, నిప్పు కూడా పుడుతుంది. మెయిన్ కట్టేసి వైర్‌మన్‌ను పిలవండి. స్విచ్‌బోర్డు మీరు విప్పవద్దు.

సోమవారం పొద్దున బావగారు ఫోను పక్కింట్లో ఛార్జింగ్ పెట్టుకున్నారు. ఇంటర్వ్యూ ముప్పావు గంట సాగింది. ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి, మాట మాత్రం ఒక్కసారి కూడా తెగలేదు.

అయినా పాత తీగలు, చోటుచోటుకూ ముడులు ఉన్న ఇళ్లలో ఏం చేసినా కుదరకపోవచ్చు. అప్పుడు కరెంటు పైపులో కాకుండా విడిగా పైపు వేసి, ఇంటర్నెట్ తీగనే మేడ మీదికి లాగించండి. మెట్ల పక్కగా ఆ పని చేయడానికి మా అక్కయ్య వాళ్ల వైర్‌మన్ అడిగిన మొత్తం, బావగారు కొన్న రెండవ జత ధర కంటే తక్కువే.