బోదకాలికి జ్వరం ఎక్కడి నుంచి వస్తుంది?

బోదకాలు ఉన్నవాళ్ళను మంచాన పడేసేది వాపు కన్నా మధ్య మధ్య వచ్చే జ్వరం. చలితో వణుకు పుడుతుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రగా కమిలిపోయి ముట్టుకోనివ్వదు. రోజుల తరబడి పనికి పోలేరు. ఈ జ్వరానికి అమావాస్య, పౌర్ణమి లెక్క చెప్పేవాళ్ళు కోనసీమలో ఇంకా ఉన్నారు. ఆ నమ్మకం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. తిథి మీద నెపం పెట్టుకున్నాక కాలి వేళ్ళ సందుల్లోకి ఎవరు చూస్తారు?

చూడాల్సింది అక్కడే. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు లింఫు నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తుంది. గుర్రపుడెక్క పట్టిన పంటకాలువలో నీరు నిలిచినట్టు కాలిలో లింఫు నిలిచిపోతుంది. సూక్ష్మజీవులతో పోరాడే కణాలు ఆ లింఫులో కూడా తిరుగుతాయి కాబట్టి ఆ కాలి చర్మానికి కాపలా తగ్గుతుంది. రాజోలు, కొత్తపేట వైపు ఊడ్పుల్లో, చెరువు పనుల్లో రోజంతా తడిసే కాళ్ళ వేళ్ళ సందులు నాని, తెల్లబడి, చిట్లుతాయి. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియాకు ఆ చిన్న పగులు చాలు. అది లోపలికి దూరగానే చర్మం వాచి, మంటెత్తి, జ్వరం వస్తుంది. ప్రతి జ్వరమూ చర్మాన్ని ఇంకాస్త మందం చేస్తుంది, మడతలు పెంచుతుంది. ఆ మడతల్లో మళ్ళీ పగుళ్ళు.

బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో డాక్టర్ జెరూసా డ్రేయర్ 1990లలో ఈ సంగతిని పట్టుకుని, సబ్బుతో రోజూ కడుక్కుంటే జ్వరాలు బాగా తగ్గుతాయని చూపించారు. మన దేశంలో 1955లోనే ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ డి.ఇ.సి. మాత్రలు పంచుతున్నారు. ఆ మాత్ర రక్తంలోని పిల్ల పురుగులను చంపి వ్యాధి పాకకుండా ఆపుతుంది; గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్ళు తప్ప అందరూ మింగాల్సిందే. కానీ ముదిరిన వాపునూ ఈ జ్వరాలనూ ఆపే పని దానిది కాదు.

రోజూ ఒకసారి మామూలు నీళ్ళతో, సబ్బుతో కాలిని మెల్లగా కడగాలి. వేళ్ళ సందులు, మడతలు మెత్తని బట్టతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. తెల్లగా నానినచోట డాక్టరు చెప్పిన ఫంగస్ మందు రాయాలి. కూర్చున్నా పడుకున్నా కాలు ఎత్తులో పెట్టాలి, బయటికి చెప్పులు లేకుండా వెళ్ళకూడదు.

జ్వరం వచ్చేస్తే తడిబట్టతో కాలిని చల్లబరిచి, ఎత్తులో ఉంచి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. యాంటీబయాటిక్ అవసరం పడుతుంది. వేడి కాపడం, పసరు కట్లు, గాట్లు పెట్టడం మంటను పెంచుతాయి. బేసిన్, మగ్గు, సబ్బు, తువ్వాలు, మందు ఉన్న కిట్లు ఫైలేరియా కార్యక్రమం కింద రోగులకు ఇస్తారు. దగ్గరలోని పీహెచ్‌సీలో మొహమాటపడకుండా అడగండి.