ఇంటర్‌లో సోషియాలజీ అంటే ఏం చదువుతారు? పాలకుర్తి నుంచే మొదలుపెట్టి చూద్దాం

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లల్లో కొన్ని రోజులు ఒకటే ముచ్చట. ఎంపీసీనా, బైపీసీనా, లేకుంటే సీఈసీనా? ఈ మధ్యలో బిడ్డ ఎవరైనా "సోషియాలజీ చదువుతా అబ్బా" అంటే ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అదేం సబ్జెక్టు, దాంతో నౌకరీ వస్తదా అని అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు, ఫీజు కట్టేది వాళ్లే కదా. కాకపోతే ఆ సబ్జెక్టులో ఏముందో తెలిశాక వద్దనడం వేరు, తెలియకుండానే వద్దనడం వేరు.

తెలుగులో దీన్ని సమాజశాస్త్రం అంటారు. ఉర్దూలో సమాజియాత్ అనీ, ఇమ్రానియాత్ అనీ రెండు పేర్లున్నాయి. రెండో పేరుకు మూలం 'ఉమ్రాన్' అనే అరబ్బీ మాట. ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో 'ముఖద్దిమా' రాస్తూ, మనుషులు గుంపుగా ఎట్లా బతుకుతారు, రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అని చూసే చదువుకు ఇల్మ్-ఉల్-ఉమ్రాన్ అని పేరు పెట్టాడు. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ కోమ్ట్ 'సోషియాలజీ' అనే మాటను వాడుకలోకి తెచ్చింది 1830ల చివర్లో. అంటే మన పెద్దలకు ఇది మరీ పరాయి విద్య ఏమీ కాదు.

ఇక పాలకుర్తికి వద్దాం. ఇప్పుడు జనగామ జిల్లా, 2016 దాకా వరంగల్ జిల్లా. ఐలమ్మ కథ ఇక్కడ పిల్లలందరికీ తెలుసు. చాకలి కులంలో పుట్టిన ఆమె మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు పట్టి సాగు చేసింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను ఆ పంట మీద పడింది. 1940ల మధ్యలో దొర మనుషులు పంట ఎత్తుకపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు ఆమె పక్కన నిలబడ్డారు. వడ్లు ఆమె ఇంటికే చేరాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపాక సాయుధ పోరాటం రాజుకుంది.

చరిత్ర పుస్తకంలో ఇది తేదీలు, పేర్లతో వస్తుంది. సోషియాలజీ ఇదే కథ దగ్గర వేరే ప్రశ్నలు అడుగుతుంది. చాకలి మనిషి బట్టలుతకాలి గానీ సాగు చేయకూడదని ఎవరు నిర్ణయించారు? ఆమె భూమి పట్టడం దొరకు ఎందుకంత గుచ్చుకుంది, నష్టం కౌలు డబ్బులదా లేక పెద్దరికానిదా? వెట్టి చేసే మనిషి కూలీ అడగకుండా తరాలపాటు ఎట్లా ఊరుకున్నాడు? భయంతోనా, అలవాటుతోనా, ఇది మా ధర్మం అనుకునా? నేను బీకాం చదివాను. జమా, ఖర్చు, అప్పు, ఆస్తి అన్నీ నేర్పారు. వెట్టిని ఏ ఖాతాలో రాయాలో మాత్రం ఏ లెక్చరరూ చెప్పలేదు, ఎందుకంటే అక్కడ డబ్బు చేతులు మారదు. ఆ ఖాతా పుస్తకంలో పట్టని సంగతే సోషియాలజీ సిలబస్.

మన కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన పేరు ఇంకొకటి ఉంది. పాలకుర్తి పక్కనే దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ ఉండేవాడు, పేద రైతు. దాయాదితో భూమి తగాదా వచ్చింది. ఆ దాయాది వెనక ఇదే విసునూరు దొర ఉన్నాడు. బందగీ దొరకు దండం పెట్టి ఊరుకోలేదు, కోర్టుకు పోయాడు, గెలిచాడు. గెలిచినందుకు ప్రాణం తీశారు. తర్వాత 1947లో వచ్చిన 'మా భూమి' నాటకానికి ఆయన కథే ప్రేరణ.

ఇక్కడ ఒక నిమిషం ఆగండి. రాజు నిజాం, ముస్లిం. దొర రెడ్డి. చనిపోయిన రైతు ముస్లిం. దొరను ఎదిరించిన ఆడమనిషి చాకలి. "ఆ కాలంలో ముస్లింలు పాలించారు, హిందువులు భరించారు" అని గానీ, దానికి తిరగేసి గానీ చెప్పే మాట ఈ నలుగురి దగ్గరే తేలిపోతుంది. భూమి ఎవరి చేతిలో ఉంది, ఎవరి మాట చెల్లుతుంది అన్నది మతం కన్నా ముందు చూడాల్సి వస్తుంది. టీవీ డిబేట్‌లో ఇది దొరకదు. పదహారేళ్ల పిల్లకో పిల్లగాడికో ఈ చూపు వస్తే వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదీ నమ్మి ఫార్వర్డ్ చేయరు. నా లెక్కలో ఈ సబ్జెక్టుతో వచ్చే పెద్ద లాభం ఇదే.

ఇంకో ప్రశ్న మన ఇళ్లలోనే ఉంది. ఇస్లాంలో కులం లేదని మదర్సాలో చెబుతారు, నిజమే. మరి మీసేవ కేంద్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఎందుకు తీసుకుంటున్నాం? దూదేకుల వాళ్లు బీసీ-బీ ఎందుకు? 2007 చట్టంతో షేక్, ఖురేషీ, హజామ్ లాంటి 14 వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది, సయ్యద్, పఠాన్, మొఘల్ వర్గాలకు రాలేదు. 2024 నవంబరులో మన ఇళ్లకు వచ్చి చేసిన కులసర్వే లెక్కలు 2025 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు కూడా ముస్లింలను రెండుగా చూపించారు: బీసీలు 10.08 శాతం, ఓసీలు 2.48 శాతం. నమ్మకం ఏం చెబుతుంది అన్నది ఒకటి, నిజంగా రిష్తా ఎక్కడ కలుపుకుంటున్నాం అన్నది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడం సోషియాలజీ పని. ఇంతియాజ్ అహ్మద్ 1973లోనే ముస్లింలలో కుల అంతరాల మీద పరిశోధన వ్యాసాల పుస్తకం తెచ్చారు. దీన్ విషయంలో తీర్పు చెప్పడం ఈ సబ్జెక్టు పని కాదు. కాబట్టి బిడ్డ ఈమాన్ పోతుందని భయపడాల్సిన అవసరం లేదు. అయితే భోజనాల దగ్గర ఇబ్బంది పెట్టే ప్రశ్నలు అడుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి.

ఊరిని చదవడం కొత్త పని కూడా కాదు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను తన బృందంతో ఇల్లిల్లూ తిరిగి అధ్యయనం చేసి 1955లో 'ఇండియన్ విలేజ్' రాశారు. ఇంటర్ పిల్లలు అంత చేయక్కర్లేదు. ఊళ్లో పీర్ల పండుగకు ఏ ఏ కులాలవాళ్లు ఏ పని చేస్తారు, పదో తరగతి తర్వాత చదువు మానేసిన ఆడపిల్లలు ఎందుకు మానేశారు అని పది ఇళ్లు తిరిగి అడిగి రాసినా చాలు. ఒక పిల్ల మానేస్తే ఆ ఇంటి కారణం అనుకుంటాం. పదిమంది మానేస్తే బస్సు టైము గురించో, కాలేజీ దూరం గురించో అడగాలి. అమెరికన్ పండితుడు సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన ముఖ్యమైన మాట ఇదే.

నౌకరీ సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఇంటర్ సోషియాలజీ చేతికి నేరుగా ఉద్యోగం ఇవ్వదు. ఎంపీసీ కూడా ఇవ్వదు, అది వేరే మాట. గ్రూప్-1 మెయిన్స్‌లో భారతీయ సమాజం మీద పేపర్ ఉంది. గ్రూప్-2 రెండో పేపర్‌లో సమాజానికి 50 మార్కులున్నాయి. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. బీఏ తర్వాత ఎంఏ, ఎంఎస్‌డబ్ల్యూ, బీఈడీ దారులున్నాయి. ఉర్దూ మీడియం పిల్లలకు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఎంఏ ఉంది.

అసలు చిక్కు కాలేజీ దగ్గర వస్తుంది. ఇంటర్ బోర్డు జాబితాలో సబ్జెక్టు ఉన్నా చెప్పే కాలేజీలు తక్కువ. అందుకే ఫీజు కట్టకముందే "సోషియాలజీ లెక్చరర్ ఉన్నారా" అని అడగండి, "గ్రూప్ ఉందా" అని మాత్రమే కాదు. లేకపోతే తెలంగాణ ఓపెన్ స్కూల్ ఇంటర్‌లో ఈ సబ్జెక్టు ఉంది. అదీ కుదరకపోతే హెచ్‌ఈసీ లేదా సీఈసీ తీసుకుని, డిగ్రీలో దోస్త్ ద్వారా సోషియాలజీ ఉన్న బీఏ ఎంచుకోవచ్చు, ఇంటర్‌లో చదివి ఉండాలన్న నియమం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సోషియాలజీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితం. ఈ సెలవుల్లో ఫోన్‌లో దింపుకుని రెండు పాఠాలు చదివించండి. బిడ్డకు నచ్చిందో లేదో ఆ రెండు పాఠాలతోనే తెలుస్తుంది.